మంత్రలోకంలో వెట్టిచాకిరీ: ఉదారవాదం అంటే ఎవరి ఉదారత?

మాంత్రికులూ, ఎగిరే చీపుర్లూ, మాట్లాడే టోపీలూ ఉన్న కథలో రాజకీయం ఏముంటుంది, పిల్లలు చదువుకునే పుస్తకమే గదా అని తేలిగ్గా తీసేసే అలవాటు మన సాహిత్య విమర్శకు ఉంది. దృష్టంతా వాస్తవికత మీదే పెట్టిన మన అభ్యుదయ విమర్శకులు కూడా ఈ కథల జోలికి పెద్దగా పోలేదు. మేము మాత్రం ఇట్లాంటి కథల్నే ముందు పట్టి చదవాలంటాం. వాస్తవిక నవల రాసేవాళ్లకు ఉన్న సమాజం అడ్డం వస్తుంది. కూలిరేటు, కులం పేరు, భూమి పట్టా ఎంతో కొంత ఉన్నట్టే చూపించక తప్పదు. ఫాంటసీ రాసేవాళ్లకు ఆ అడ్డం లేదు. ఏ లోకం కావాలంటే ఆ లోకం కట్టుకోవచ్చు. అంత వెసులుబాటు ఉండి కూడా ఆ కొత్త లోకంలో వంటింటి పని ఎవరికి అప్పజెప్పారు, ఆ పనికి జీతం పెట్టారా లేదా అన్న దగ్గరే రాసినవాళ్ల రాజకీయం బయటపడుతుంది.

మన జానపదంలో ఇది చూసిందే. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడు రాజకుమారిని ప్రేమిస్తాడు. నాతో సమానమైన సంపద తెచ్చుకుని రమ్మంటాడు రాజు. రాముడు సాహసం చేసి తెచ్చుకుంటాడు. జనం ఈలలేశారు, మా పెద్దవాళ్లూ వేశారు. తోటలో పని చేసుకునే ఇంటి పిల్లోడు కోటలోకి పోయాడు, బాగానే ఉంది. ఆ తోటలో నీళ్లు పోసే పని తర్వాత ఎవరి మెడకు పడిందని మాత్రం సినిమా అడగదు. అర్హత రుజువు చేసుకున్న ఒక్కడికి తలుపు తీస్తారు. తలుపూ, గడియా, కాపలావాడూ ఎక్కడివక్కడే ఉంటారు. ఈ కథనే చాలా పెద్ద ఎత్తున, చాలా తెలివిగా, ప్రపంచమంతటికీ చెప్పిన నవలలు హారీ పాటర్ నవలలు. జె.కె. రోలింగ్ 1997 నుంచి 2007 దాకా ఏడు సంపుటాలుగా వీటిని రాశారు. మా ఇళ్లల్లో ఈ పుస్తకాలు లేవు. యూనివర్సిటీ హాస్టలుకు వచ్చినాకే చేతికందాయి. అందరిలాగే మేమూ రాత్రుళ్లు మేలుకుని చదివాం. ఇష్టపడి చదివిన పుస్తకాన్ని ప్రశ్నించకూడదని ఎక్కడా లేదు.

ఈ నవలలు ఉదారవాద విలువలకు పాఠ్యపుస్తకాల్లాంటివని చాలామంది అంటారు. రక్తశుద్ధి సిద్ధాంతాన్ని ఎదిరించిన కథ, జాతివిద్వేషాన్ని ఓడించిన కథ అంటారు. రచయిత్రి కూడా యవ్వనంలో లండన్ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేసిన మనిషి. కాబట్టి ఇది గాలివాటుగా వచ్చిన ఉదారవాదం కాదు. మేము దీన్ని కాదనటం లేదు. ఆ ఉదారవాదం అంటే అసలు ఏమిటి, అది ఎక్కడిదాకా పోయి ఎక్కడ ఆగుతుంది అన్నదే మా ప్రశ్న.

1. మాటలోనే ఉన్న మెలిక

'లిబరలిజం' అనే మాటను మనం 'ఉదారవాదం' అని తెలుగు చేసుకున్నాం. ఉదారుడంటే దాత, పెద్దమనసున్నవాడు. ఔదార్యం చూపాలంటే ముందు చేతిలో ఏదో ఉండాలి, ఎదురుగా చెయ్యి చాచినవాడు ఉండాలి. ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లో 'స్వేచ్ఛ గల' అనే అర్థమున్న పదం. అయితే ఇంగ్లీషులో కూడా 'లిబరల్' అంటే ధారాళంగా ఇచ్చేవాడు అనే అర్థం ఉండనే ఉంది. అంటే మెలిక మన అనువాదంలో మాత్రమే లేదు, ఆ భావంలోనే ఉంది. ఒక అర్థంలో అది పుచ్చుకునేవాడి హక్కు, ఇంకో అర్థంలో ఇచ్చేవాడి మంచితనం. మొదటిదాన్ని చట్టంలో రాయొచ్చు, కోర్టులో అడగొచ్చు. రెండోదాన్ని అడగటానికి లేదు, ఎదురుచూడాల్సిందే. హారీ పాటర్ నవలల్లో ఈ రెండర్థాలూ ఉన్నాయి. ఏడు సంపుటాలు గడిచేసరికి ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది చూద్దాం.

2. నెత్తురూ, మెరిటూ, నాలుగు ఇళ్లూ

వోల్డెమార్ట్ పక్షం వాళ్లకు నెత్తురు శుద్ధంగా ఉండాలి. మంత్రశక్తి లేని మామూలు మనుషులకు పుట్టి, శక్తి అబ్బిన పిల్లల్ని వాళ్లు 'మడ్‌బ్లడ్' అని తిడతారు, బురదనెత్తురు అని. హారీ స్నేహితురాలు హెర్మయొనీ అలాంటి పిల్ల. పళ్ల డాక్టర్ల కూతురు, క్లాసులో అందరికన్నా ముందుంటుంది. చివరి సంపుటంలో వోల్డెమార్ట్ మనుషులు ప్రభుత్వాన్ని పట్టుకున్నాక ఇలాంటి వాళ్లందర్నీ కమిషను ముందుకు లాగుతారు. మీ మంత్రశక్తి మీది కాదు, మావాళ్ల దగ్గర దొంగిలించిందే అని విచారిస్తారు. ఈ మాట మనకు కొత్తదా? 1990 మండల్ వ్యతిరేక ఆందోళనలో మా ముందుతరం విన్నది, క్లాసురూముల్లో మేము ఇప్పటికీ వింటున్నది ఇదే గదా. మా సీటు తిన్నారు, మా ఉద్యోగం ఎత్తుకుపోయారు అని. ఆ అధ్యాయం చదువుతుంటే కమిషను ముందు కూర్చున్నది మేమే అనిపిస్తుంది. ఆ మేరకు ఈ నవలలు మనవైపు ఉన్నాయని ఒప్పుకోవాలి.

ఇటలీలో స్కూలు పిల్లల మీద జరిపి 2014లో ప్రచురించిన ఒక మనస్తత్వ పరిశోధన కూడా ఉంది. ఈ నవలల్లో వివక్ష గురించిన భాగాలు చదివి చర్చించుకున్న పిల్లల్లో, హారీని తమవాడిగా అనుకున్న పిల్లలకు వలస వచ్చినవాళ్ల పట్ల చిన్నచూపు తగ్గిందని తేలింది. మంచిదే. చిన్నచూపు తగ్గటం మాకు ఇష్టం లేకపోలేదు.

అయితే నవల రక్తశుద్ధి వాదాన్ని ఏ వాదంతో కొట్టింది? హెర్మయొనీ ఫస్టు వస్తుంది గదా, చూడండి అని. మెరిట్ ఏ ఇంట్లోనైనా పుడుతుంది అని. మరి మెరిట్ లేనివాళ్ల సంగతేంటి? మంత్రగాళ్ల ఇంట పుట్టి మంత్రశక్తి రాని ఫిల్చ్ అదే బడిలో ఊడ్చి తుడిచే పనిలో ఉంటాడు. అతన్ని చూసి బడంతా నవ్వుతుంది, మంచివాళ్లూ నవ్వుతారు. అతను పిల్లల్ని సతాయించే చెడ్డమనిషే కావచ్చు, కానీ నవ్వేది అందుకొక్కదానికే కాదు. అందరికీ సునాయాసమైన మంత్రాన్ని అతను ఉత్తరాల ద్వారా నేర్చుకోవాలని చూడటం కూడా నవలలో నవ్వులాటే.

ఇక ఆ బడిలో పిల్లలు చేరగానే ఒక టోపీ వాళ్ల నెత్తిమీద కూర్చుని గుణాన్ని బట్టి నాలుగు ఇళ్లలోకి పంచుతుంది. ధైర్యవంతులు ఒకచోట, తెలివైనవాళ్లు ఒకచోట, కష్టపడేవాళ్లు ఒకచోట, పైకి రావాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఒకచోట. రోలింగ్ మన వర్ణాలను చూసి ఇది రాశారని మేము అనటం లేదు. ఇంగ్లండు బోర్డింగు స్కూళ్లలో ఇళ్ల పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే గుణాన్ని బట్టి నాలుగు భాగాలు అనగానే మన చెవి నిక్కబొడుచుకోవాలి. పుట్టుకను బట్టి కాదు, గుణాన్ని బట్టే చాతుర్వర్ణ్యం అన్న ఆర్యసమాజం వాళ్ల వాదాన్ని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో చీల్చి చెండాడారు. మనుషుల్ని నాలుగు గదుల్లో కుక్కటానికి కుదరదనీ, ప్లేటో చేసిన పొరపాటే ఇదీననీ, ఒక్కో మనిషిలో ఉన్న వైవిధ్యం ఇలాంటి పథకాలకు కనపడదనీ చెప్పారు. పాత పేర్లు అలాగే ఉంచితే పాత భావాలు పోవని కూడా చెప్పారు.

నవల ఇచ్చే జవాబు ఏమిటంటే ఎంపిక. నన్ను ఫలానా ఇంట్లో వెయ్యొద్దని హారీ మనసులో కోరుకుంటాడు, టోపీ వింటుంది. మనిషిని నిర్ణయించేది అతని ఎంపికలే అని హెడ్మాస్టరు డంబుల్‌డోర్ తర్వాత బోధిస్తాడు. ఇది ఉదారవాదపు గుండెకాయ లాంటి మాట. ఈ మాట ఎవరి విషయంలో చెల్లుతుందో చూడాలంటే మెట్లు దిగి అదే బడి వంటింట్లోకి పోవాలి.

3. వంటిల్లు

నాలుగో సంపుటం 'గాబ్లెట్ ఆఫ్ ఫైర్' 2000లో వచ్చింది. ఇన్నాళ్లూ బల్లల మీద వాటంతటవే ప్రత్యక్షమైన విందుభోజనాలు నిజానికి వందమందికి పైగా ఎల్ఫులు కింద వంటింట్లో వండి పైకి పంపుతున్నవని హెర్మయొనీకి అందులోనే తెలుస్తుంది. ఈ ఎల్ఫులు చిన్నగా ఉండే జీవులు. మంత్రగాళ్ల ఇళ్లకు తరతరాలుగా కట్టుబడి ఉంటారు. జీతం లేదు, సెలవు లేదు. పాత దిండుగలీబో తువ్వాలో చుట్టుకోవాలి, బట్ట కట్టకూడదు. యజమాని మాట దాటితే తమను తామే శిక్షించుకుంటారు. డాబీ అనే ఎల్ఫు తన చేతులకు తానే ఇస్త్రీపెట్టెతో వాతలు పెట్టుకుంటాడు. యజమాని కొట్టే పని కూడా బానిసకే అప్పజెప్పిన వ్యవస్థ ఇది.

బడి చరిత్ర గురించి వెయ్యి పేజీలు దాటిన గ్రంథం ఒకటి ఉంటుంది. హెర్మయొనీకి అది కంఠతా వచ్చు. అందులో ఎల్ఫుల ప్రస్తావన ఒక్కచోటా లేదని ఆమె మండిపడుతుంది. ఈ ఒక్క వాక్యానికి రోలింగ్‌కు దండం పెట్టొచ్చు. మన విశ్వవిద్యాలయాలకు రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలు వేస్తుంటారు. వాటిల్లో వైస్ ఛాన్సలర్ల ఫోటోలు ఎన్ని ఉంటాయి, మెస్సులో రొట్టె కాల్చిన చేతులూ, హాస్టలు మరుగుదొడ్లు కడిగిన చేతులూ ఎన్ని ఉంటాయి?

ఎల్ఫులకు మంత్రశక్తి లేదా అంటే, ఉంది. మంత్రగాళ్లు మాయమై ప్రత్యక్షం కాలేని చోట కూడా వాళ్లు కాగలరు. విడుదలైన మరుక్షణం డాబీ తన పాత యజమానిని ఎగరగొట్టి మెట్ల కింద పడేస్తాడు. కానీ మనుషులు కానివాళ్లు మంత్రదండం పట్టకూడదని మంత్రలోకపు చట్టం ఉంది. ఆ బడిలో ఎల్ఫు విద్యార్థి ఒక్కడూ లేడు. అంటే కొరత శక్తిలో లేదు, అనుమతిలో ఉంది. ఆయుధమూ, చదువూ ఎవరికి నిషేధించారో వాళ్లే కింది పనికి పుట్టారని తర్వాత తీర్మానించటం మన ధర్మశాస్త్రాలు చేసిన పనే.

విడుదల ఎట్లా దొరుకుతుంది? యజమాని చేత్తో బట్ట ఇవ్వాలి. డాబీ 1998లో వచ్చిన రెండో సంపుటంలో విడుదలవుతాడు. హారీ ఒక పాత మేజోడును ఉపాయంగా యజమాని చేతిలో పెడితే, అతను చీదరించుకుని విసిరేస్తాడు, అది డాబీ పట్టుకుంటాడు. పాఠకులందరికీ కళ్లు చెమర్చే చోటు. మేము ఇంకోటి గమనించాలంటాం. పొరపాటున అయినా సరే, స్వేచ్ఛ యజమాని చేతి నుంచే రావాలి. ఎల్ఫు తనంతట తాను బట్ట తీసుకుంటే చెల్లదు. మెట్ల మీద పిల్లలకు ఇంటిని కోరుకునే వీలిచ్చింది టోపీ. మెట్ల కింద అదే టోపీ చేతిలో పెడితే పనిలోంచి తీసేసినట్టు.

4. సంఘం పెట్టిన పిల్ల

హెర్మయొనీ ఊరుకోదు. ఎల్ఫుల సంక్షేమానికి సంఘం పెడుతుంది. దాని పొట్టిపేరు కలిపి చదివితే ఇంగ్లీషులో 'వాంతి' అని వస్తుంది. ఎగతాళి పేరులోనే మొదలైంది. సభ్యత్వానికి రెండు సికిల్ నాణేలు, ఒక బ్యాడ్జి. స్నేహితులు మొహమాటానికి చేరతారు. కవలలు ఫ్రెడ్, జార్జి మేము వంటిల్లు చూసొచ్చాం, వాళ్లు సంతోషంగానే ఉన్నారంటారు. పేదల పక్షపాతి లాగా కనిపించే హాగ్రిడ్ కూడా వాళ్ల స్వభావమే సేవ, విడిపిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టు అంటాడు. 1936లోనే గాంధీ 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ ఎలా ఉండాలో రాశారు. ఆ పనిని పవిత్రమైన విధిగా చూడమన్నారు. పనిని పొగడటం, పనివాణ్ని అందులోనే ఉంచటం జోడుగా నడుస్తాయని మనకు అప్పుడే తెలిసింది.

హెర్మయొనీ ప్రణాళికలో ఏముందో చాలామంది పాఠకులు మరిచిపోతారు. తక్షణ లక్ష్యం న్యాయమైన జీతం, పని పరిస్థితులు. దీర్ఘకాలిక లక్ష్యాలు రెండు: మంత్రదండం నిషేధాన్ని ఎత్తేసేలా చట్టం మార్చటం, ఎల్ఫుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖలో ఒక ఎల్ఫుకు చోటు కల్పించటం. హక్కు, ప్రాతినిధ్యం. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల రాసిన ఈ రెండు డిమాండ్లు రౌండు టేబులు సమావేశాల్లో అంబేద్కర్ పెట్టిన డిమాండ్ల దారిలోనివే. ఉదారవాదానికి ఉన్న మొదటి అర్థం, హక్కు అనే అర్థం, నవలలో ఇక్కడ ఒక్కచోటే తలెత్తింది.

ఆ తర్వాత ఏమైంది? 2003లో వచ్చిన అయిదో సంపుటంలో హెర్మయొనీ ఊలు టోపీలు అల్లి, చెత్తకింద దాచి, ఎల్ఫులు తెలియక ముట్టుకుంటే విడుదలైపోతారని గదిలో వదిలేస్తుంది. ఎల్ఫులు అవమానంగా భావించి ఆ గది ఊడ్వటమే మానేస్తారు. చట్టం మార్చాలన్న పిల్ల చాటుమాటు దయ దగ్గరికి వచ్చి ఆగింది. ప్రణాళిక మళ్లీ కనపడదు. 2005లో నాలుగో నవలను సినిమా తీసినప్పుడు ఆ సంఘాన్ని పూర్తిగా ఎత్తేశారు, అది లేకపోయినా కథకు లోటు రాలేదు. అంటే నవలలోనే దానికి వేళ్లు లేవన్నమాట.

అసలు ఆ సంఘంలో ఎల్ఫులెక్కడ? అధ్యక్షస్థానంలో హెర్మయొనీ, కార్యదర్శి హారీ, కోశాధికారి రాన్. 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం అయ్యాక అస్పృశ్యతా వ్యతిరేక సంఘం పెట్టారు. తర్వాత అదే హరిజన సేవక్ సంఘం అయింది. అధ్యక్షుడు జి.డి. బిర్లా, కార్యదర్శి ఎ.వి. ఠక్కర్. ఆ నవంబరులో అంబేద్కర్ ఓడలో ప్రయాణిస్తూనే ఠక్కర్‌కు పెద్ద ఉత్తరం రాశారు. అణగారినవాళ్లను ఒక్కొక్కరిగా బాగుచేసే పద్ధతి ఒకటి, వాళ్లను అణచిపెట్టిన పరిస్థితుల్ని మార్చే పద్ధతి ఇంకొకటి అనీ, సంఘం తన బలమంతా రెండోదాని మీదే పెట్టాలనీ, బావుల దగ్గర, బడుల దగ్గర పౌరహక్కుల కోసం నిలబడాలనీ, కార్యకర్తల్ని అంటరానివాళ్లలోంచే తీసుకోవాలనీ అందులో అడిగారు. ఆ ఉత్తరానికి జవాబే రాలేదని 1945లో రాశారు. సంఘం నడిపే బాధ్యత అంటరానివాళ్లకు ఎందుకు ఇవ్వరని అడిగితే, ఇది సవర్ణులు ప్రాయశ్చిత్తం చేసుకునే సంఘం గనక అన్నది గాంధీ వాదం. ప్రాయశ్చిత్తం చేసేవాడి మోక్షం కోసం అయితే బాధితుడితో పనేముంది? బడి వంటింటి ఎల్ఫులు హెర్మయొనీని బయటికి తోసేస్తే నవల దాన్ని వాళ్ల బానిస మనస్తత్వంగానే చూపింది. అడగకుండా వచ్చిన ఉద్ధరణను కాదనటం కూడా అందులో ఉండొచ్చని రచయిత్రికి తట్టలేదు.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ పేరుతో జరిగిన సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ, ఆ పంచమ అనే పేరే మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అన్నారు. పేరు మార్చుకున్నది పేరు మోసినవాళ్లే. ఎల్ఫులు సభ పెట్టుకున్న దృశ్యం ఏడు సంపుటాల్లో ఒక్కటి లేదు.

5. బేరమాడి తగ్గించుకున్న జీతం

విడుదలైన డాబీ రెండేళ్లు దేశమంతా తిరుగుతాడు. జీతం అడుగుతున్నాడని ఎవరూ పని ఇవ్వరు. చివరికి డంబుల్‌డోర్ పెట్టుకుంటాడు. వారానికి పది గాలియన్ల జీతం, శని ఆదివారాలు సెలవు ఇస్తానంటాడు. డాబీ బేరమాడి వారానికి ఒక గాలియన్, నెలకు ఒక్కరోజు సెలవుకు తగ్గించుకుంటాడు. ఇది నవ్వు కోసం రాసిన సంభాషణ. ఊళ్లల్లో కూలి రేటు గురించి బేరం ఎటు నుంచి ఎటు నడుస్తుందో తెలిసినవాళ్లకు నవ్వు రాదు. యజమాని ఉదారుడు, తక్కువ చాలనేది పనివాడే అని చూపించటంలో ఎంత సౌకర్యం ఉందో చూడండి.

1947లో 'రాష్ట్రాలు, మైనారిటీలు' అనే పత్రంలో అంబేద్కర్ ఉదారవాద రాజ్యాంగాల అసలు లోటు ఇక్కడే ఉందని చెప్పారు. ఓటు హక్కూ, ప్రాథమిక హక్కులూ రాస్తే సరిపోతుందని పాత రాజ్యాంగవేత్తలు అనుకున్నారు. పని లేనివాడు పని దొరకటం కోసం ఆ హక్కులన్నీ వదులుకోవాల్సి వస్తుందే, దాని సంగతేంటి అని అడిగారు. ప్రభుత్వ అదుపు లేకపోవటమే స్వేచ్ఛ అంటే అది అద్దె పెంచే భూస్వామికీ, కూలి తగ్గించే పెట్టుబడిదారుకూ దొరికే స్వేచ్ఛే అన్నారు. రెండేళ్లు రోడ్ల వెంట తిరిగిన డాబీ ఆ ప్రశ్నకు సరైన ఉదాహరణ. అతను విడుదలయ్యాడు గానీ, అతన్ని కాపాడే చట్టం లేదు. మంచి హెడ్మాస్టరు దొరకటం అతని అదృష్టం.

ఇంకో ఎల్ఫు వింకీ. యజమాని బట్టలిచ్చి వెళ్లగొడితే స్వేచ్ఛ భరించలేక తాగి వంటింటి పొయ్యి దగ్గర పడి ఉంటుంది. డాబీ చివరి సంపుటంలో హారీని కాపాడి చచ్చిపోతాడు. స్వేచ్ఛ వచ్చిన ఇద్దరిలో ఒకరు తాగుబోతు, ఒకరు అమరుడు. మామూలుగా బతికిన స్వేచ్ఛాజీవి ఒక్కరూ లేరు.

6. మంచి యజమాని

మా వాదానికి గట్టి ఎదురువాదం ఉంది. క్రీచర్ కథ చూడండి అంటారు. హారీకి తండ్రిలాంటివాడు సిరియస్. అతను తన ఇంటి ఎల్ఫు క్రీచర్‌ను ఈసడించుకుంటాడు. క్రీచర్ ద్రోహం చేస్తాడు, సిరియస్ చనిపోతాడు. సేవకుణ్ని మనిషిలా చూడనందుకు వచ్చిన ఫలితం ఇదని డంబుల్‌డోర్ చేతే చెప్పించారు, మంత్రగాళ్ల జాతి మొత్తాన్ని తప్పుపట్టించారు. నవల బానిసత్వాన్ని సమర్థించలేదు గదా అంటారు. నిజమే, సమర్థించలేదు. యజమానుల అహంకారాన్ని ఇంత సూటిగా తప్పుపట్టిన పిల్లల పుస్తకాలు ఎన్నో లేవు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2005లో వచ్చిన ఆరో సంపుటంలో సిరియస్ ఆస్తితో పాటు క్రీచర్ కూడా వారసత్వంగా హారీకి సంక్రమిస్తాడు, ఇల్లూ వాకిలీ లాగా. రహస్యాలు తెలిసినవాడు గనక వదలటానికి లేదంటారు. ఏడో సంపుటంలో హారీ అతని కథ విని, అతను ప్రాణంగా చూసుకున్న రెగ్యులస్ అనే పాత యజమాని లాకెట్‌ను అతనికిచ్చి ఆదరంగా మాట్లాడతాడు. అంతే, క్రీచర్ మారిపోతాడు. శుభ్రమైన తెల్ల తువ్వాలు చుట్టుకుని ఇల్లు తళతళలాడేలా తుడిచి రుచిగా వండి పెడతాడు. ఆఖరి యుద్ధంలో ఎల్ఫులు వంటింటి కత్తులతో పైకొస్తారు. ముందు నడిచేది క్రీచర్, అతని నోట వచ్చే నినాదం ఆ పాత యజమాని పేరు. యుద్ధం గెలిచి అలసిపోయిన హారీ, పడుకునేముందు క్రీచర్ తనకో శాండ్‌విచ్ తెచ్చిపెడతాడా అని అనుకుంటాడు. పంతొమ్మిదేళ్ల తర్వాతి ముగింపు అధ్యాయం మినహా నవల అక్కడే ముగుస్తుంది. ఆ అధ్యాయంలో ఎల్ఫుల ఊసే లేదు. హెర్మయొనీ తర్వాత ప్రభుత్వ శాఖలో చేరి ఎల్ఫుల స్థితి బాగుచేసిందని రోలింగ్ పుస్తకాలు అయిపోయినాక చెప్పారు. చెప్పొచ్చు. ఏడు సంపుటాల్లో చోటు దొరకని సంగతి అది.

ముగ్గురు ఎల్ఫుల్లో సుఖంగా మిగిలినవాడు విడుదల కానివాడే. అంటే నవల చెప్పేది యజమాని మంచివాడు కావాలని. యజమాని అనేవాడే ఉండకూడదని కాదు. మన రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేశాం అంది, 23వ అధికరణంలో వెట్టిని నిషేధించాం అంది. దయతో పాటించండి అనలేదు. ఆ రాతలు ఎంతవరకు అమలయ్యాయో మనకు తెలుసు. 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టాలు చేసినా మలం ఎత్తే పని ఇంకా ఎవరు చేస్తున్నారో తెలుసు. అయినా చట్టం ఉన్నచోట నిలదీయటానికి కాలు మోపే జాగా ఉంటుంది. మంచితనం ఉన్నచోట కృతజ్ఞత చెప్పటమే పని.

7. ఫౌంటెనూ, సింహాసనమూ

మంత్రలోకపు ప్రభుత్వ కార్యాలయం నడవాలో ఒక బంగారు ఫౌంటెన్ ఉంటుంది. మధ్యలో మంత్రగాడు, మంత్రగత్తె. చుట్టూ ఒక సెంటార్, ఒక గాబ్లిన్, ఒక ఎల్ఫు వాళ్లకేసి ఆరాధనగా తలెత్తి చూస్తుంటారు. అందులో వేసిన చిల్లర ఆసుపత్రికి పోతుంది. అయిదో సంపుటం చివర అది పగిలిపోతుంది, అది చెప్పింది అబద్ధమని డంబుల్‌డోర్ అంటాడు. ఏడో సంపుటంలో వోల్డెమార్ట్ మనుషులు అదేచోట నల్లరాతి విగ్రహం పెడతారు. మంత్రగాడూ, మంత్రగత్తే సింహాసనాల మీద కూర్చుని ఉంటారు. దగ్గరికిపోయి చూస్తే ఆ సింహాసనాలు నలిగిపోయిన మామూలు మనుషుల శరీరాలు.

ఈ రెండూ ఒకటే అని మేము అనం. అట్లా అనేవాళ్లు నల్లరాయి కింద పడినవాళ్లు కాదు. ఫౌంటెన్ ఉన్న రోజుల్లో హెర్మయొనీ బడికి పోగలిగింది, నల్లరాయి వచ్చాక ప్రాణభయంతో అడవులు పట్టింది. ఆ తేడాకు ప్రాణమంత విలువ ఉంది. ఈ దేశంలో మతోన్మాదం పెరుగుతున్నప్పుడు ఉదారవాదులతో కలిసి నడవక తప్పదని అంటున్న మిత్రులతో మాకు ఆ మేరకు పేచీ లేదు. కానీ ఫౌంటెన్‌లో ఎల్ఫు తలెత్తి చూస్తున్నంతకాలం, ఆ చూపును సహజమని నమ్మినంతకాలం, నల్లరాయి పెట్టేవాడికి పని సగం అయిపోయినట్టే. పైన ఎవరు, కింద ఎవరు అన్నది అప్పటికే తేలిపోయి ఉంది. అతను కొత్తగా తెచ్చింది చిరునవ్వు తీసెయ్యటం ఒక్కటే. యుద్ధం గెలిచాక ఆ నడవాలో ఏ విగ్రహం పెట్టారో నవల చెప్పలేదు. చెప్పాల్సింది అదే.

1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కర్ స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం మూడూ విడదీయరానివన్నారు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమందికి ఎక్కువమంది మీద పెత్తనమిస్తుందన్నారు. ఉదారవాదం అంటే ఇది అయితే మేము ఉదారవాదులమే. ఫౌంటెన్‌లో చిల్లర వెయ్యటం అయితే, మా దగ్గర చిల్లర లేదు, మేము చేరిన నీళ్లవి కావు. మన సాహిత్యంలోనూ, మన సినిమాల్లోనూ, మన క్యాంపసుల్లో దళితుల కోసం ఇతరులు పెట్టే సంఘాల్లోనూ ఈ రెండర్థాలు కలగలిసి నడుస్తున్నాయి. వాటిని విడదీసి చూపటం దళిత విమర్శ పని. ఏ ఊహాలోకం మన ముందు పెట్టినా వంటింటి గుమ్మం నుంచి చదవాలి. దండం ఎవరి చేతిలో ఉంది, ఆఫీసులో కుర్చీ ఎవరికి ఉంది, సంఘానికి పేరు ఎవరు పెట్టారు అని అడగాలి.

హెర్మయొనీ తన సంఘానికి మొదట పెట్టాలనుకున్న పేరు చాలా పొడుగుది. తోటి జీవుల మీద దౌర్జన్యం ఆపమని, వాళ్ల చట్టపరమైన హోదా మార్చమని అందులో ఉంది. బ్యాడ్జి మీద పట్టదని దాన్ని ప్రణాళిక పైన శీర్షికగా రాసి, బ్యాడ్జి మీదికి సంక్షేమం అనే మాట తెచ్చుకుంది. చట్టం, హోదా అనే ఆ రెండు మాటల కోసమే మన కొట్లాట. బ్యాడ్జి మీద పట్టకపోతే బ్యాడ్జినే పెద్దది చెయ్యాలి.